పేపరే గానీ పేపరు కాదు!

మొన్న ఆదివారం నిజామాబాద్ నుంచి బస్సెక్కి బోధన్ శక్కర్‌నగర్‌లో ఉన్న మా చిన్నమ్మ ఇంటికి వెళ్లాను. చాయ్ చేతికిచ్చి, తన ఫోను నా ముందుకు జరిపింది.

"జర ఇది చూడు బిడ్డా. ఇన్ఫోసిస్ నారాయణమూర్తి సారే చెప్తుండు. ఇరవై ఒక్కవేలు కడితే నెల తిరిగేసరికి లక్షలొస్తయట. పేపర్లనే వచ్చింది."

చూస్తే అచ్చం పేపరే. పైన అందరికీ తెలిసిన పత్రిక పేరు, ఆ రోజు తేదీ, ఇంటర్వ్యూ, కింద "నాకూ డబ్బొచ్చింది" అంటూ పదిమంది మెచ్చుకోళ్లు. ఫేస్‌బుక్‌లో కనబడిన ప్రకటన నొక్కితే వచ్చిందట.

చిన్నమ్మను తప్పుపట్టలేను. 2015 డిసెంబర్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చిన్నాయన పని పోయాక ఇల్లు గడిచింది ఆమె కుట్టుమిషన్ మీదే. మనవరాలి కాలేజీ ఫీజు కోసం ఎత్తిన చీటీ డబ్బు బీరువాలో ఉంది. అదే కట్టేద్దామనుకుంది.

నేను ముందు పైనున్న అడ్రస్ చూశాను. పేజీ మీద పత్రిక పేరు ఎవరైనా అతికించవచ్చు, అడ్రస్ దగ్గర ఆ ఆట సాగదు. డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి తోకకు సరిగ్గా ముందున్న మాటే ఆ సైటు అసలు పేరు. పత్రిక పేరు ఇంకెక్కడ ఇరికించినా లెక్కలోకి రాదు. ఇక్కడైతే ఏవో పొంతనలేని అక్షరాలు! తర్వాత 'క్రీడలు' నొక్కాను, 'సినిమా' నొక్కాను. ఎక్కడ నొక్కినా పేరు, ఫోన్ నంబరు అడిగే ఒకటే ఫారం. సినిమా పేజీ లేని పేపరుంటుందా చెప్పండి?

పేరున్న పత్రికల సైట్లలా వేషం కట్టిన మోసపు సైట్లు తన పేరిట దొంగ ఇంటర్వ్యూలు, డీప్‌ఫేక్ వీడియోలు వేస్తున్నాయనీ, ఆ ట్రేడింగ్ యాప్‌లతో తనకు సంబంధం లేదనీ నారాయణమూర్తిగారు 2023 డిసెంబర్‌లోనే ఎక్స్‌లో హెచ్చరించారు. ఆ సంగతి చదివి వినిపించాను.

"మరి నేను నంబరు ఇచ్చిన గదనే!" చిన్నమ్మ గొంతు సన్నబడింది.

ఫారం నింపితే 'మేనేజర్' ఫోన్ చేస్తాడు. తీయగా మాట్లాడి మొదటి సొమ్ము కట్టిస్తాడు. తెర మీద లాభం రోజూ పెరుగుతూ కనిపిస్తుంది. అవి ఉత్త అంకెలే. తీసుకోబోతే ముందు పన్ను కట్టమంటాడు, ఆపైన ఇంకేదో ఫీజంటాడు. కట్టి మోసపోయినవాళ్లు ఇంట్లోవాళ్లు ఏమంటారోనని దాచిపెడతారు. అక్కడే ఆలస్యమైపోతుంది. వెంటనే 1930కి ఫోన్ చేస్తే, సొమ్ము చేతులు మారకముందే ఖాతాలో ఆపించే వీలుంటుంది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వవచ్చు. చిన్నమ్మ ఇంకా పైసా కట్టలేదు, అదృష్టం.

నేను బయల్దేరబోతుండగా ఫోను మోగింది. ఏదో తెలియని నంబరు. వద్దంటున్నా వినకుండా ఎత్తింది.

"సారూ, కడ్తగని, మీ పేపర్ల సినిమా పేజీ ఏడుందో జర చెప్పుండ్రి."

అవతల ఫోను పెట్టేశారు.