ఉగాది తేదీ ఏటా ఎందుకు మారుతుంది?

చెన్నై నుంచి తిరువళ్ళూరు వెళ్ళే రైలు దారిలో తిరునిన్రవూరు వస్తుంది. ఈ ఊరు ఉన్న తిరువళ్ళూరు జిల్లాలో తెలుగువాళ్ళు ఎక్కువే. తిరుత్తణి అయితే 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. అందుకే ఇక్కడ సంవత్సరాది రెండుసార్లు వస్తుంది: తెలుగువాళ్ళకు ఉగాది, తమిళులకు పుత్తాండు.

పుత్తాండు ఏటా ఏప్రిల్ 14 ప్రాంతంలోనే. ఉగాది మాత్రం 2024లో ఏప్రిల్ 9, 2025లో మార్చి 30, 2026లో మార్చి 19. ఎందుకిలా?

మనం చంద్రుణ్ణి బట్టి నెలలు లెక్కపెడతాం. అమావాస్య నుంచి అమావాస్యకు సుమారు 29న్నర రోజులు. పన్నెండు నెలలకు 354. తమిళులది సూర్యుడి లెక్క. సూర్యుడు మేషరాశిలో ప్రవేశిస్తే వాళ్ళకు కొత్త ఏడు. ఆ ఏడాదికి 365 రోజులు. తిరుత్తణి మురుగన్ కొండ మెట్లు కూడా 365 అని చెబుతారు, ఏడాదిలో రోజుకొకటి చొప్పున!

తేడా 11 రోజులు. ఉగాది ఏటా దాదాపు అంత ముందుకు జరుగుతుంది. అలాగే వదిలేస్తే పండగ చలికాలంలోకి పోతుంది. అప్పుడు పచ్చడికి వేపపువ్వు ఎక్కడిది? మన పెద్దల గొప్పతనం ఇక్కడే ఉంది. సుమారు 33 నెలలకోసారి ఒక అధికమాసం చేర్చారు. 2026లో జ్యేష్ఠం రెండుసార్లు, కనుక 2027 ఉగాది ఏప్రిల్ 7న.

తేదీలు వేరైనా 60 సంవత్సరాల పేర్ల వరుస ఇద్దరిదీ ఒకటే. 2026లో మొదలయ్యేది ఇద్దరికీ పరాభవ. మీరు పుట్టిన సంవత్సరం పేరేమిటో పంచాంగంలో వెతకండి.