చక్రమునకు తగిన తొడుగు

రాజమహేంద్రవరమునకు దక్షిణమున గోదావరి యొడ్డున ధవళేశ్వరము కలదు. సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ఆనకట్ట వలన ఈ గ్రామము దేశమంతట ప్రసిద్ధి కెక్కినది. ఆ కట్టడమునకు వలసిన రాతిని సమీపమునందలి కొండనుండి తెచ్చుటకు ఇనుప పట్టాలు పరచి, వానిపై బండ్లను నడిపిరి. బొంబాయి, ఠాణాల మధ్య 1853లో ప్రయాణికుల రైలు నడుచుటకు పూర్వమే ధవళేశ్వరమున ఇనుప చక్రములు ఇనుప పట్టాలపై దొర్లినవి.

ఇనుము ఇనుముపై మిక్కిలి సులభముగ దొర్లును. అందుచే కొద్దిపాటి బలముతో గొప్ప బరువులను లాగవచ్చును. కాని సులభముగ దొర్లునది సులభముగ నిలువదు. వేగముగ వచ్చు రైలు ఆగుటకు చాల దూరము పట్టుటకు కారణ మిదియే. పట్టాలు లేని బాటపై మలుపులు తిరుగుచు, అడ్డము వచ్చినచోట వెంటనే నిలువవలసిన వాహనమునకు ఇనుప చక్రము పనికిరాదు. దానికి నేలను పట్టుకొను గుణముగల తొడుగు కావలెను. ఆ తొడుగే టైరు.

పచ్చి రబ్బరు ఎండకు మెత్తబడి జిగురగును, చలికి పెళుసగును. గంధకమును కలిపి కాచినచో ఈ దోషము తొలగునని 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్ఇయర్ కనుగొనెను. 1845లో రాబర్ట్ విలియమ్ థామ్సన్ గాలి నింపిన చక్రమునకు పేటెంటు పొందెను గాని, అది నాడు వ్యాప్తికి రాలేదు. 1888లో జాన్ బాయ్డ్ డన్లప్ అట్టి టైరును సైకిలునకు అమర్చి లోకమునకు పరిచయము చేసెను. 1946లో ఫ్రాన్సు దేశపు మిష్లెన్ సంస్థ రేడియల్ టైరునకు పేటెంటు తీసుకొనెను. నేటి కార్లకు వాడునవి దాదాపు అన్నియు రేడియల్ టైర్లే. గోదావరి మండలమునందును ఇనుప కమ్మీ చక్రములకు బదులు రబ్బరు చక్రములతో టైరు బండ్లు వాడుకలోనికి వచ్చినవి.

ధవళేశ్వరమున పాత ఆనకట్టకు బదులుగా తరువాతి కాలమున 175 తలుపులు గల బారేజి నిర్మింపబడినది. దానిపైనున్న బాట ధవళేశ్వరము నుండి లంకల మీదుగ విజ్జేశ్వరము వరకు పోవును. అట్టి బాటలపై ఎద్దుబండి, సైకిలు, ట్రాక్టరు, లారీ, 400 అశ్వశక్తిగల స్పోర్ట్స్ కారు కూడ ప్రయాణింపవచ్చును. వీనిలో టైర్ల ఎంపికయందు మిక్కిలి జాగ్రత్త వలసినది ఆ కడపటి దానికే. ఏలయన, ఎంత శక్తిగల యంత్రమైనను, ఆ శక్తి నేలను చేరు మార్గము నాలుగు టైర్లు మాత్రమే.

ఆ మార్గము ఎంత ఇరుకైనదో చిన్న లెక్కచే తెలియును. కారు బరువు 1,600 కిలోలనుకొన్నచో ఒక్కొక్క చక్రముపై 400 కిలోల భారముండును. టైరులోని గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 2.2 కిలోలైనచో, ఆ టైరు నేలను తాకు చోటు సుమారు 180 చదరపు సెంటీమీటర్లు. అనగా పెద్దవాని అరచేతి కంటె కొంచె మెక్కువ. కారు పరుగు, మలుపు, నిలకడ అన్నియు నాలుగు అరచేతుల మేర నేలపై ఆధారపడి యున్నవి.

ఆ పట్టు బాగుగనున్న పొడిబాటపై గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవు కారు, బ్రేకు పడిన పిదప సుమారు 50 మీటర్లలో నిలుచును. పట్టు సగమునకు తగ్గినచో ఆ దూరము 100 మీటర్లగును. వేగము రెట్టింపైనచో ఆగుటకు పట్టు దూరము నాలుగు రెట్లగును. కావున యంత్రబలము పెరిగిన కొలది టైరు పట్టు కూడ పెరుగవలెను.

వాన కురిసినపుడు సమస్య మరింత క్లిష్టమగును. బాటపై 2 మిల్లీమీటర్ల నీరున్నదనుకొందము. 20 సెంటీమీటర్ల వెడల్పుగల టైరు గంటకు 80 కిలోమీటర్ల వేగమున సాగునపుడు, సెకనుకు దాదాపు 9 లీటర్ల నీటిని ప్రక్కలకు నెట్టవలసి వచ్చును. డెల్టాలో పంట కాలువ ఎంత అవసరమో, మురుగు కాలువ కూడ అంతే అవసరమని రైతులందరు ఎరుగుదురు. నీరు పోవు దారి లేనిచో చేను మునుగును. టైరుపై చెక్కిన గాడులు దాని మురుగు కాలువలు. అవి లోతుగనున్నంత వరకు నీరు వానిలో ప్రవహించి వెలుపలికి పోవును. అవి అరిగినచో నీరు టైరు క్రిందనే నిలిచి దానిని పైకెత్తును. అప్పుడు కారు నేలపై గాక నీటిపై తేలుచు పోవును. స్టీరింగు త్రిప్పినను తిరుగదు, బ్రేకు నొక్కినను నిలువదు. టైరులో గాలి తక్కువైనను, వేగము ఎక్కువైనను ఈ ప్రమాదము త్వరగా సంభవించును.

కొందరు టైరు ఎంత వెడల్పైన అంత మంచిదని తలంతురు. పొడిబాటపై వెడల్పు టైరు మలుపులలో మేలు చేయుట నిజమే. కాని అది ఎక్కువ నీటిని నెట్టవలసి యుండుటచే వానలో తొందరగా తేలును. పందెపు బాటలకై చేసిన టైర్లకు గాడులు మిక్కిలి తక్కువ. అవి ఎండలో గొప్ప పట్టునిచ్చినను, ఆషాఢ శ్రావణముల వానలలో ఊరి బాటలకు తగవు. చలిదేశములవారు వాడు శీతకాలపు టైర్లు 7 డిగ్రీలకు దిగువన బాగుగ పనిచేయును. గోదావరి తీరమున వానితో పని లేదు. ఇచ్చటి శక్తిమంతమైన కారునకు తగినవి, వేడికి తాళుచు, తడినేలపై మంచి పట్టునిచ్చు వేసవి జాతి టైర్లు. రబ్బరులో సిలికాను కలిపి చేసిన టైర్లు తడిలో మరింత పట్టు చూపును. మెత్తని రబ్బరు బాగుగ పట్టుకొనును గాని త్వరగా అరుగును. గట్టిది చాల కాలము మన్నును గాని పట్టు తగ్గును. ఈ రెంటి నడుమ ఏది కావలెనో కొనువాడు నిర్ణయించుకొనవలెను.

టైరు ప్రక్కన వ్రాసిన అంకెలను చదువుట తెలిసినచో ఎంపిక సులభమగును. 245/40 ఆర్ 18 97 వై అనునది ఒక ఉదాహరణము. 245 మిల్లీమీటర్లు వెడల్పు. ప్రక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 40 పాళ్లు. ఆర్ యనగా రేడియల్. 18 అంగుళములు రిమ్ము కొలత. 97 అను సంకేతము ఆ టైరు 730 కిలోల వరకు మోయగలదని తెలుపును. చివరి అక్షరము వేగమును సూచించును: వి 240, డబ్ల్యు 270, వై 300 కిలోమీటర్లు. అంత వేగముగ పోవలెనని దీని యర్థము కాదు. టైరునకు వేడి పరమశత్రువు. రోహిణీ కార్తె ఎండలకు రోళ్లు పగులునని సామెత. కావున కారు తయారుచేసినవారు చెప్పిన సంకేతము కంటె తక్కువదానిని ఎన్నడును కొనరాదు.

ఇక వయస్సు. 2324 అని యున్నచో ఆ టైరు 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని తెలియును. నిలువయున్న రబ్బరు కాలక్రమమున గట్టిపడును. గాడుల నడుమ చిన్న మెట్లవలె అరుగుదల గుర్తులుండును. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు దిగినపుడు టైరు పైభాగము వానితో సమమగును; అటుపిమ్మట ఆ టైరును వాడరాదు. వానాకాలమున అంతవరకు వేచియుండుటయు మంచిది కాదు. రెండు టైర్లనే మార్చినచో, నాలుగును ఒకే కొలతవైన కారులో, క్రొత్తవానిని వెనుక అమర్చవలెను. వెనుక చక్రములు జారినచో కారు గిరగిర తిరిగిపోవును. గాలిని టైరు చల్లగనున్నపుడే కొలువవలెను.

డెల్టా బాటలపై నాట్లనాడు ట్రాక్టరు చక్రముల బురద పడును. కోతలనాడు ధాన్యమును, గడ్డిని ఆరబోయుదురు. వానిపై ఎంతటి మేలైన టైరైనను జారును. అట్టిచోట్ల వేగము తగ్గించుట కంటె మించిన ఉపాయము లేదు. ఆ బాటలపైనే బాలురు బడికి నడచిపోవుదురు; ఎడ్లు, గొఱ్ఱెలు ఇంటికి మరలును. టైర్ల ఎంపిక కారు యజమాని సొంత వ్యవహారముగ కనబడవచ్చును గాని, దాని వలన నిలుచు ప్రాణములు అతని వొక్కటే కావు.