భాస్వరాన్ని పట్టిచ్చిన నీలం

భీమవరం అంటే ఇప్పుడు అందరికీ రొయ్యల చెరువులు, సంక్రాంతి సందడి గుర్తొస్తాయి. జీవరసాయన శాస్త్రం చదివినవాళ్లకు మాత్రం ఇంకొకటి గుర్తు రావాలి: ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో బడికి వెళ్లారు, మద్రాసులో వైద్యం చదివారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఆదుకుంటామన్న భరోసాతో అమెరికా బయల్దేరారు. అక్కడ హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి ఇది. ఆయన గురించి రాసేవాళ్లు ఎక్కువగా మందుల గురించే రాస్తారు. అది తప్పేమీ కాదు. బోదకాలుతో అల్లాడిన మన డెల్టాకు ఆయన హెట్రజాన్ మందు విలువ ఒకరు చెప్పాలా! అయినా ఆయన శాస్త్రజీవితానికి పునాది ఆ మందులు కావు, భాస్వరాన్ని కొలిచే ఈ కిటుకే అని నేను గట్టిగా నమ్ముతాను.

రక్తంలో భాస్వరం చాలా తక్కువ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల సీరం 100 మిల్లీలీటర్లు తీసుకుంటే అందులో 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాములు ఉంటుంది. అంత కొంచెం భాస్వరాన్ని అవక్షేపం చేసి, ఎండబెట్టి తూకం వేయాలంటే బోలెడు రక్తం కావాలి. అందుకే రంగుతో కొలిచే దారి వెతికారు. 1920లో బెల్, డాయిసీ హైడ్రోక్వినోన్ వాడి ఒక పద్ధతి చెప్పారు, 1922లో బ్రిగ్స్ దాన్ని సవరించారు. అయితే బెల్, డాయిసీల రంగు నిలిచేది కాదు, వెలిసిపోయేది.

ఫిస్కే, సుబ్బారావు చేసిన మార్పు చూడటానికి చిన్నదే. ఆమ్లంలో ఫాస్ఫేట్‌కు అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే ఒక్కో భాస్వరం పరమాణువు చుట్టూ 12 మాలిబ్డినం పరమాణువులు చేరి ఒక పెద్ద గూడు కడతాయి. ఆ గూటికి ఎలక్ట్రాన్లు అందిస్తే చిక్కటి నీలం పుడుతుంది. విడిగా మిగిలిపోయిన మాలిబ్డేట్‌ను ముట్టుకోకుండా గూటికి మాత్రమే ఎలక్ట్రాన్లు ఇచ్చే పదార్థం కావాలి. అందుకు వాళ్లు ఎంచుకున్నది అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం. రెండు బెంజీన్ వలయాలు అంటుకుని ఉన్న నాఫ్తలీన్ దీనికి మూలం, రంగుల పరిశ్రమకు బాగా పరిచయమున్న సరుకు. దీనితో నీలం కొద్ది నిమిషాల్లోనే తేలి, నిలకడగా ఉంటుంది.

ఆ నీలాన్ని చదవడానికి అప్పట్లో డుబాస్క్ కాలరీమీటర్ ఉండేది. పక్కపక్కన రెండు గాజు కప్పులు, ఒక దాంట్లో తెలిసిన ద్రావణం, రెండో దాంట్లో కొలవాల్సినది. కంటి దగ్గర ఒక వృత్తం, సగం ఈ నీలం, సగం ఆ నీలం. మర తిప్పుతూ కప్పుల్ని పైకీ కిందికీ జరుపుతారు. రెండు సగాలూ ఒకటైపోయి మధ్య గీత కనపడకుండా పోయినప్పుడు లోతులు చూస్తారు. తెలిసిన దాని లోతు 20 మిల్లీమీటర్లు, తెలియని దాని లోతు 16 అయితే రెండో దాంట్లో భాస్వరం మొదటిదానికి ఒకటింపావు వంతు ఉందన్నమాట.

అసలు కథ ఇక్కణ్నుంచే. ఈ పద్ధతితో కండరంలోని ఫాస్ఫేట్‌ను కొలవబోతే రంగు తేలి ఆగలేదు. నిమిషాలు గడిచేకొద్దీ నీలం ఇంకా ముదురుతూ పోయింది. మరొకరైతే పరీక్ష చెడిందని ద్రావణం పారబోసేవారేమో. వీళ్లు మాత్రం, కండరంలో ఫాస్ఫేట్‌ను పట్టుకుని ఉన్న ఏదో పదార్థం ఈ ఆమ్లంలో మెల్లగా విరిగి దాన్ని వదులుతోందని పసిగట్టారు. 1927లో ఆ పదార్థం ఫాస్ఫోక్రియాటిన్ అని తేల్చారు. కండరం పనిచేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి దొరికితే మళ్లీ పెరుగుతుంది. అదే ఏడాది ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులకూ ఇదే పదార్థం చిక్కింది. 1929లో కణాలకు శక్తినందించే ఏటీపీ కూడా వీళ్ల చేతుల్లో బయటపడింది, జర్మనీలో కార్ల్ లోమన్‌కూ అదే ఏడాది దొరికింది. కండరాన్ని కదిలించేది లాక్టిక్ ఆమ్లమేనన్న వాదాన్ని భుజాన మోసిన హిల్, మేయర్‌హాఫ్ 1922 నోబెల్ అందుకున్నవాళ్లు. ఆ వాదం ఈ కొత్త పదార్థాల ముందు నిలవలేకపోయింది.

ఈ నీలానికి ఒక బలహీనత ఉంది. ఆవర్తన పట్టికలో భాస్వరం కింది గడిలో ఆర్సెనిక్ కూర్చుంటుంది. ఆర్సెనేట్ కూడా మాలిబ్డేట్‌తో అలాంటి గూడే కట్టి, అలాగే నీలమవుతుంది. అందుకే ఆర్సెనిక్ ఉంటే ముందు దాన్ని ఆర్సెనైట్‌గా మార్చేయాలి, ఆ రూపానికి ఈ గూడు కట్టే శక్తి లేదు. మన ఒంట్లోని ఎంజైములకు ఆ సదుపాయం లేదు. ఫాస్ఫేట్ అనుకుని ఆర్సెనేట్‌ను అందుకుంటాయి, శక్తి తయారయ్యే చోట పని పాడవుతుంది. పాషాణం విషమవడానికి ఉన్న కారణాల్లో ఈ పోలిక ఒకటి.

ఏటీపీ అణువును చూస్తే ఒక సంగతి ఆసక్తిగా ఉంటుంది. అందులోని అడెనిన్ వలయాల్లో నైట్రోజన్ హాయిగా కూర్చుంది. అదే కుటుంబపు భాస్వరం మాత్రం ఆక్సిజన్‌ను పట్టుకుని బయట వేలాడుతోంది. మరి బెంజీన్ లాంటి వలయంలో కార్బన్ స్థానంలోకి భాస్వరాన్ని దింపలేమా? దాని పరమాణువు పెద్దది, కార్బన్‌తో ఎలక్ట్రాన్లు కలుపుకుని అలాంటి వలయాన్ని నిలబెడుతుందా అన్నది చాలాకాలం అనుమానమే. 1966లో జర్మన్ రసాయనవేత్త గాట్‌ఫ్రీడ్ మార్కెల్ ఒక పిరిలియం లవణంలోని ఆక్సిజన్‌ను తప్పించి భాస్వరాన్ని కూర్చోబెట్టారు. ఆ వలయానికి మూడు ఫినైల్ గుంపులు కాపలా. 1971లో అమెరికాలో ఆర్థర్ ఆష్ ఆ కాపలా కూడా లేకుండా చేశారు. ముందు తగరంతో ఆరు పరమాణువుల వలయం కట్టి, దానిమీద ఫాస్ఫరస్ ట్రైబ్రోమైడ్‌ను ప్రయోగించారు. తగరం తప్పుకుంది, భాస్వరం చేరింది, ఫాస్ఫాబెంజీన్ తయారైంది. అదే తగరపు వలయానికి ఆర్సెనిక్ ట్రైక్లోరైడ్ తగిలిస్తే ఆర్సాబెంజీన్! ఆ తర్వాత ఆంటిమొనీ, బిస్మత్ వలయాలనూ ఆయన తెచ్చారు. ఈ వలయాల్లోని భాస్వరం మాలిబ్డేట్‌కు నేరుగా చిక్కదు. ముందు దాన్ని ఆమ్లాల్లో మరిగించి పూర్తిగా ఫాస్ఫేట్‌గా మార్చాలి, అప్పుడే నీలం.

ఆసుపత్రుల్లోని ఆటోఎనలైజర్లలో చాలావాటికి ఇప్పుడు నీలం కూడా అక్కర్లేదు. ఎలక్ట్రాన్లు ఇవ్వకుండా, గూడు పుట్టగానే 340 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిలో చదివేస్తాయి. మట్టి, నీటి పరీక్షల్లో 1962లో మర్ఫీ, రైలీ చెప్పిన పద్ధతి బాగా స్థిరపడింది. అందులో నాఫ్తలీన్ కారకానికి బదులు విటమిన్ సి ఎలక్ట్రాన్లు ఇస్తుంది, కొంచెం ఆంటిమొనీ కూడా ఉంటుంది. చౌక, రంగు కూడా బాగా నిలుస్తుంది. కారకాలు ఇలా మారుతూ వచ్చాయి గానీ, ఫాస్ఫేట్ చుట్టూ 12 మాలిబ్డినం పరమాణువుల గూడు కట్టించి లెక్క తీసే ఏర్పాటు మాత్రం 1925లో ఉన్నట్టే ఉంది.