కంప్యూటరు గదికి చల్లదనం ఒక్కటే చాలదు

జీతాల పట్టీ మొదలుకొని కంట్రోల్ రూము తెర మీద కనిపించే పీడనం, ఉష్ణోగ్రతల అంకెల వరకు నేడు ప్రతిదీ కంప్యూటరు గదిలోని సర్వర్ల మీదనే ఆధారపడి ఉన్నది. ఆ సర్వర్లు దేనిపై ఆధారపడి ఉన్నవని అడిగితే చాలామంది విద్యుత్తు అనో, యు.పి.ఎస్. అనో చెబుతారు. గది మూలన నిలబడి రాత్రింబవళ్ళు మ్రోగుతూ ఉండే ప్రెసిషన్ ఏ.సి. యంత్రం పేరు చెప్పేవారు తక్కువ. అది ఆగిన నాడు గాని దాని విలువ తెలిసిరాదు. ఈ యంత్రాల నడకను, వాటి పోషణను గురించి మా విభాగం గ్రహించిన విషయాలను సహోద్యోగుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉదాహరణకు ధర్సీవాను తీసుకొన్నాము. రాయ్‌పూర్ నుండి బిలాస్‌పూర్ వెళ్ళే రహదారిలో, నగరానికి ఉత్తరాన ఈ ఊరున్నది. సిల్తరా పారిశ్రామిక వాడ ఈ బ్లాకులోనిదే. స్పాంజి ఐరన్ కొలుములు, రోలింగు మిల్లులు, బొగ్గుతో నడిచే విద్యుత్ యూనిట్లు అక్కడ కిక్కిరిసి ఉన్నవి. విశాఖ తీరంలో ఉప్పుగాలితోను, రామగుండంలో బొగ్గు ధూళితోను పనిచేసిన మన ఇంజనీర్లకు ధర్సీవాలో ఈ రెండింటికీ భిన్నమైన పరీక్ష ఎదురవుతుంది.

మామూలు ఏ.సి.కి, దీనికి భేదమేమి?

ఏ.సి. యంత్రం మొదట పుట్టినదే మనిషి సుఖం కోసం కాదు. 1902లో విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయంలో కాగితం తేమకు సాగి, రంగులు ఒకదానిపై ఒకటి సరిగా పడకపోవడాన్ని నివారించుటకు ఆ పద్ధతిని రూపొందించెను. కంప్యూటరు గదుల కొరకే ప్రత్యేకించిన యంత్రాన్ని 1965లో అమెరికాలోని కొలంబస్ నగరంలో రాల్ఫ్ లీబర్ట్ తయారుచేసెను. ఈ రెండు సందర్భాలలోను యంత్రం కాపాడినది మనిషిని కాదు, వస్తువును.

మనుషులున్న గదిలో ఊపిరి ద్వారా, చెమట ద్వారా తేమ పుడుతుంది. కావున మామూలు ఏ.సి. తన శక్తిలో సుమారు మూడింట రెండు వంతులను గాలి వేడిని తగ్గించుటకు, మిగిలినదానిని తేమను పిండుటకు వెచ్చిస్తుంది. సర్వర్లకు చెమట పట్టదు. అవి ఇచ్చేదంతా పొడి వేడియే. అందుచేత ప్రెసిషన్ యంత్రం తన శక్తిలో పదింట తొమ్మిది వంతులు, అంతకు మించియు, గాలి వేడి మీదనే ఉపయోగిస్తుంది. మామూలు యంత్రం టన్నుకు నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలిని త్రిప్పితే, ఇది 500కు పైగా త్రిప్పుతుంది. కంప్యూటరు గదిలో మామూలు ఏ.సి.లను బిగించి పొదుపు చేశామనుకొనేవారు, అవసరం లేని తేమను పిండుటకు ఏడాది పొడుగునా కరెంటు బిల్లు చెల్లిస్తున్నారన్నమాట.

మరి యంత్రం ఆగితే ఎంత వ్యవధి ఉంటుంది? 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గల గదిలో సుమారు 108 కిలోల గాలి ఉంటుంది. సర్వర్లు 10 కిలోవాట్ల వేడిని ఇస్తున్నట్లయితే, గాలిని మాత్రమే లెక్కలోకి తీసుకొన్నప్పుడు ఉష్ణోగ్రత నిమిషానికి 5 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. గోడలు, ర్యాకుల ఇనుము కొంత వేడిని పీల్చుకొనుట వలన అసలు వేగం దీనికన్నా తక్కువే. అయినను వ్యవధి నిమిషాలలోనిదే గాని గంటలలోనిది కాదు. సాధారణంగా యు.పి.ఎస్. సర్వర్లను నడుపుతుంది, కంప్రెసర్లను నడపదు. కరెంటు పోయి జనరేటరు అందుకొన్న తరువాత కూడా రక్షణ టైమరు కారణంగా కంప్రెసరు కొన్ని నిమిషాలు ఆగి గాని తిరిగి మొదలు కాదు. ఈ మధ్యకాలాన్ని ప్రతి సైటులోను ఒకసారి కొలిచి, గది తలుపు మీద వ్రాసి ఉంచవలెను.

మూడు కాలాలు, మూడు సమస్యలు

అమెరికాకు చెందిన ఆష్రే సంస్థ 2004లో సర్వర్లలోనికి పోయే గాలికి 20 నుండి 25 డిగ్రీలు తగునని సూచించి, 2008లో ఆ పరిధిని 18 నుండి 27 డిగ్రీలకు విస్తరించినది. గది మధ్యలో కాదు, సర్వరు ముఖం వద్ద ఈ కొలత తీసుకోవలెను. గదిని 18 డిగ్రీల వద్ద మంచుకొండలా ఉంచుట అలవాటే గాని అవసరం కాదు.

ధర్సీవాలో మే నెలలో 42 డిగ్రీలు మామూలు విషయం. 45 దాటే రోజులును ఉన్నవి. 35 డిగ్రీల బయటి గాలిని ఆధారంగా చేసుకొని ఎంపిక చేసిన కండెన్సరు ఇక్కడ మధ్యాహ్నం రెండు గంటలకు హై ప్రెషర్ మీద ట్రిప్ అవుతుంది. కండెన్సరును 45 డిగ్రీలకు మించిన గాలిలోనూ పూర్తి సామర్థ్యం ఇచ్చునట్లు ఎంచుకోవలెను. వేడి గాలి తిరిగి తనలోనికే రాకుండా చుట్టూ ఖాళీ వదలవలెను.

తేమ విషయంలో మాత్రం మన ఊహ తరచు తప్పుతుంది. మే నెల గాలి ఎండిపోయినట్లు తోచును. కాని 44 డిగ్రీల వద్ద 15 శాతం తేమ గల గాలిని 24 డిగ్రీలకు చల్లబరిస్తే దానిలోని తేమ సుమారు 46 శాతంగా తేలుతుంది. అది సర్వర్లకు సరిపోయినదే. డిసెంబరు తెల్లవారుజామున 12 డిగ్రీల వద్ద 60 శాతం తేమ గల గాలిని అదే 24 డిగ్రీలకు తెస్తే అది 28 శాతానికి పడిపోతుంది. అనగా పొడిగాలి, దానితో స్థిర విద్యుత్తు బెడద వచ్చేది ఎండాకాలంలో కాదు, చలికాలంలో. హ్యూమిడిఫయరును సిద్ధం చేయవలసినది నవంబరులో.

ఇక ఆగస్టులో 28 డిగ్రీల వద్ద 85 శాతం తేమ గల గాలికి మంచుబిందు స్థానం 25 డిగ్రీల పైన ఉంటుంది. ఆ గాలి 24 డిగ్రీల గదిలో చల్లని ఉపరితలాన్ని తాకినంతనే నీరుగా మారుతుంది. తలుపు సందు, కేబుల్ రంధ్రం, ఫాల్స్ సీలింగు మీది చీలిక ద్వారా దూరే గాలి అంతా డ్రైన్ పళ్ళెంలోనికి నీరై దిగుతుంది. వానలు పడక ముందే కేబుల్ రంధ్రాలను మూసి, డ్రైన్ గొట్టంలో ఒక చెంబు నీరు పోసి అది సాఫీగా పోవుచున్నదో లేదో చూచుకొనుట ఖర్చు లేని పని.

ధూళి, పొగ

స్పాంజి ఐరన్ వాడలో ఎగిరే ధూళి ఇంటి దుమ్ము వంటిది కాదు. దానిలో ఇనుప ఖనిజపు పొడి, బొగ్గు, సగం కాలిన బొగ్గురేణువులు ఉంటవి. ఇందులో విద్యుత్తును ప్రసరింపజేసేవియు, అయస్కాంతానికి అంటుకొనేవియు కలవు. సర్క్యూట్ బోర్డు మీద అవి పేరుకొని, పైన తేమ తగిలిందంటే లోపం ఎక్కడున్నదో ఏ మీటరూ చెప్పదు. మరొక చోట నెలకొకసారి కడిగే ఫిల్టరును ఇక్కడ పక్షానికొకసారి చూడవలెను. తేదీ ప్రకారం కంటె, ఫిల్టరుకు ముందు వెనుకల పీడనంలో భేదాన్ని బట్టి మార్చుట మేలు. మూసుకుపోయిన ఫిల్టరు వలన గాలి తగ్గి, కాయిల్ మీద మంచు కట్టి, ద్రవరూపంలోని గ్యాసు కంప్రెసరులోనికి వెళ్ళి దానిని దెబ్బతీసే ప్రమాదమున్నది.

బొగ్గు మండే చోట గంధకపు వాయువులు తప్పవు. 2006లో యూరపు దేశాలు సీసం వాడకాన్ని నిషేధించిన పిమ్మట సర్క్యూట్ బోర్డులలో వెండి పూతల వాడుక పెరిగి, గంధకానికి అవి సులభంగా లొంగసాగినవి. కావున రాగి, వెండి రేకులను 30 రోజులు గదిలో వ్రేలాడదీసి పరీక్షకు పంపే పద్ధతి వాడుకలో ఉన్నది. నెలకు రాగి మీద 300 ఆంగ్‌స్ట్రాములు, వెండి మీద 200 ఆంగ్‌స్ట్రాముల లోపు తుప్పు పొర ఏర్పడితే గాలి క్షేమమైనదని ఐ.ఎస్.ఎ. ప్రమాణం చెబుతున్నది. అంతకు మించితే లోనికి వచ్చే తాజా గాలికి రసాయనిక ఫిల్టరు తప్పనిసరి. చల్లదనానికి డబ్బు ఆదా అవుతుందని చలికాలంలో బయటి గాలిని నేరుగా లోనికి తెచ్చే ఉపాయం ఇతర ప్రాంతాలలో మంచిదే గాని సిల్తరా వంటి చోట తగదు.

యంత్రాల మధ్య పోరు

ఒకే గదిలో రెండు యంత్రాలున్న చోట మేము తరచుగా గమనించిన లోపమొకటి కలదు. ఒక యంత్రం సెన్సరు 42 శాతం తేమ అంటుంది. రెండవది 58 శాతం అంటుంది. మొదటిది ఆవిరి వదులుతుంది, రెండవది ఆ ఆవిరినే పిండి డ్రైన్‌లో పోస్తుంది. గది ఉష్ణోగ్రత చక్కగా ఉన్నందున ఎవరికీ అనుమానం రాదు. గంటకు 5 కిలోల ఆవిరికి సుమారు 3.7 కిలోవాట్లు ఖర్చు. దానిని తిరిగి పిండుటకు దాదాపు ఒక టన్ను శీతల సామర్థ్యం ఖర్చు. ఫలితం శూన్యం.

దీనికి విరుగుడు సెన్సర్లను సరిచూచుటయే. ఖరీదైన పరికరం లేకున్నను పని జరుగుతుంది. మూతగట్టి గల సీసాలో వంట ఉప్పును తడిపి ముద్దగా చేసి, సెన్సరును పైన వ్రేలాడదీసి కొన్ని గంటలు కదలక ఉంచితే, 25 డిగ్రీల వద్ద లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. సెన్సరు ఎంత చూపుతున్నదో దానిని బట్టి తప్పు తెలియును. ఉప్పు సెన్సరును తాకరాదు.

హ్యూమిడిఫయరు సిలిండరు విషయంలోను జాగ్రత్త అవసరం. రాయ్‌పూర్ పీఠభూమి సున్నపురాతి నేల. మాంఢర్, బైకుంఠ్‌లలో సిమెంటు కర్మాగారాలు వెలసినది ఆ రాతి వలననే. బోరు నీటిలోని సున్నం ఎలక్ట్రోడ్ల మీద గట్టి పొరగా కడుతుంది. అట్లని పూర్తిగా శుద్ధిచేసిన నీరు పోస్తే అది విద్యుత్తును ప్రసరింపజేయదు గనుక ఆవిరే పుట్టదు. సిలిండరును వాడి పారవేసే వస్తువుగా భావించి, స్టోర్సులో ఒకటి అదనంగా ఉంచుకొనుట ఉత్తమం.

పని క్రమం

ప్రతి షిఫ్టులో లోనికి వచ్చే గాలి, బయటకు పోయే గాలి ఉష్ణోగ్రతలను, తేమను, అలారములను లాగ్ బుక్కులో వ్రాయవలెను. వారానికొకసారి సక్షన్, డిశ్చార్జి పీడనాలను, కంప్రెసరు కరెంటును నమోదు చేయవలెను. నెలకొకసారి బెల్టు బిగువు, డ్రైన్, సైట్ గ్లాసు, విద్యుత్ బిగింపులు చూడవలెను. మూడు నెలలకొకసారి నిలిచి ఉన్న అదనపు యంత్రాన్ని నడిపించి, నడుస్తున్నదానికి విశ్రాంతినివ్వవలెను. ఏడాదికొకసారి కరెంటు నిజంగానే ఆపి, మొత్తం క్రమాన్ని పరీక్షించవలెను. అంకెలు ఒక్కొక్కటిగా ఏమీ చెప్పవు. మూడు నెలల అంకెలను వరుసగా చూచినవానికే డిశ్చార్జి పీడనం మెల్లగా ఎక్కుచున్నదని తెలియును.

కండెన్సరును లోపలి నుండి బయటకు, గాలి వచ్చే దిశకు ఎదురుగా, మెత్తని నీటిధారతో సాయంత్రం వేళ కడుగవలెను. ఒక సైటులో గుత్తేదారు మనుషులు వాహనాలు కడిగే జెట్‌తో కొట్టగా అల్యూమినియం రెక్కలన్నీ వంగి, శుభ్రం చేసిన పిమ్మటనే యంత్రం ట్రిప్ కాసాగినది. గుత్త పత్రంలో "శుభ్రపరచుట" అని మాత్రమే ఉండుట దీనికి మూలం. ఎట్లు శుభ్రపరచవలెనో కూడ వ్రాయవలసి ఉండెను. అట్లే మే నెల మధ్యాహ్నం ఎవరినీ ఒంటరిగా కప్పు మీదికి పంపరాదు. స్విచ్చుకు తాళం, తాళానికి చీటీ, తోడు మనిషి, త్రాగు నీరు లేకుండా పని మొదలు పెట్టరాదు. సర్వరు పోతే మరొకటి కొనవచ్చును.

గ్యాసు తగ్గినదని ప్రతిసారి నింపుట వైద్యం కాదు. కారుతున్న చోటును కనుగొనవలెను. ఒక కిలో ఆర్-22 గాలిలో కలిస్తే భూతాపానికి 1,810 కిలోల బొగ్గుపులుసు వాయువుతో సమానమైన హాని. భారతదేశం ఈ వాయువును 2030 నాటికి నిలిపివేయుటకు కట్టుబడి ఉన్నది. ఆర్-407సి వంటి మిశ్రమ వాయువులను ద్రవరూపంలోనే నింపవలెను. లేకున్న దానిలోని పాళ్ళు మారిపోవును.

ప్రపంచం నేర్పిన పాఠాలు

2022 జూలై 19న బ్రిటన్‌లో ఉష్ణోగ్రత మొదటిసారిగా 40 డిగ్రీలు దాటినప్పుడు లండన్‌లోని గూగుల్, ఒరాకిల్ డేటా కేంద్రాలలో శీతలీకరణ విఫలమై సేవలు నిలిచిపోయినవి. ధర్సీవాలో ఆ 40 డిగ్రీలు ఏప్రిల్ నెలలోనే మామూలు. 2023 అక్టోబరు 14న సింగపూరులో శీతల జలవ్యవస్థ పని జరుగుతుండగా కవాటాలు పొరపాటున మూతపడి, డి.బి.ఎస్., సిటీబ్యాంకుల సుమారు 25 లక్షల లావాదేవీలు ఆగిపోయినవి. మొదటిది ఎంపికలోని కొరతను, రెండవది మరమ్మతు వేళ తీసుకోవలసిన జాగ్రత్తను చాటుచున్నవి. 2025లో నవ రాయ్‌పూర్‌లో కృత్రిమ మేధ డేటా కేంద్రానికి శంకుస్థాపన జరిగినది. ఈ విద్య తెలిసిన చేతులు ఆ ప్రాంతానికి ఇక మీదట ఇంకను ఎక్కువగా కావలసి వచ్చును.

ప్రెసిషన్ ఏ.సి.ని ఏ.సి. మెకానిక్కు పనిగా కంప్యూటరు విభాగము, కంప్యూటరు వారి యంత్రంగా విద్యుత్ విభాగము భావించుట మన కార్యాలయాలలో సాధారణం. ఈ రెండింటి నడుమ లాగ్ బుక్కు ఖాళీగా మిగిలిపోతున్నది. ప్రతి యూనిట్‌లోను ఈ యంత్రాలకు పేరుపేరున ఒక బాధ్యుని నియమించి, ఆ లాగ్ బుక్కుపై వారానికొకసారి రెండు విభాగాల అధికారులు సంతకం చేయునట్లు ఏర్పాటు చేయవలెనని మా సూచన. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవలెనన్నారు పెద్దలు. కండెన్సరు కడుగుటకు ఫిబ్రవరి, కేబుల్ రంధ్రాలు మూయుటకు మే, హ్యూమిడిఫయరు చూచుటకు నవంబరు తగిన నెలలు.