ముందుచక్రపు మూలుగు

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు రెండు పెద్ద బాటలు కలిసికొను చోట పెరిగిన పట్టణము. నాగపూరు నుండి హైదరాబాదునకు వచ్చు 44వ నంబరు జాతీయ రహదారియు, నిజామాబాదు నుండి జగ్దల్‌పూరు వైపు సాగు 63వ నంబరు రహదారియు ఇచ్చట ఒకదానినొకటి దాటును. ఊరిని ఆనుకొని నల్లని బండరాళ్లతో నవనాథ సిద్ధులగుట్ట నిలిచియున్నది. చుట్టుపట్టుల పల్లెలలో పసుపు పేరుపొందిన పంట. చలికాలము ముగియు దినములలో త్రవ్విన కొమ్ములను ఉడుకబెట్టుదురు, ఎండలో ఆరబోయుదురు, ఇరుసుపై తిరుగు పెద్ద పీపాలలో వేసి మెరుగు పెట్టుదురు. ఆ పిమ్మట బస్తాలతో నిండిన ట్రాక్టర్లును, లారీలును నిజామాబాదు మార్కెట్టు యార్డునకు బారులు తీరును. ఆనాటి ధర కనుగొనుటకై రైతులు నలుగురైదుగురు కలిసి కార్లలో బయలుదేరుట గూడ కద్దు.

ఇన్ని బండ్లు తిరుగు చోట వాని రోగములను కనిపెట్టు మెకానిక్కులకు పని కొరవడదు. వారి యొద్దకు వచ్చు ఫిర్యాదులలో ఒకటి మిక్కిలి సాధారణమైనది: “అన్నా, బండి వేగము పెంచితే ముందర ఏదో గూయిమని మూలుగుచున్నది.” ఇంజను బాగుగనే యుండును. బ్రేకులు పట్టును. అయినను, ఊరు దాటి రహదారి యెక్కగానే తేనెటీగల తుట్టె వంటి రొద మొదలగును. ఈ రొదను లెక్కచేయక నెలల తరబడి కారు నడుపువారు కొందరు. కంగారుపడి నాలుగు కొత్త టైర్లు కొని, అప్పటికిని రొద పోకుండుట చూచి తెల్లబోవువారు మరికొందరు. తొలివారు ప్రాణమునకును, మలివారు ధనమునకును ముప్పు తెచ్చుకొనుచున్నారు. రొద ‘లోపమున్న’దని మాత్రమే చెప్పును. ఎక్కడ ఉన్నదో చెప్పదు. ఆ చోటును తర్కముతో వెదకి పట్టుకొనవలెను.

ముందుగా చక్రము ఎట్లు తిరుగునో చూతము. ఎడ్లబండికి ఇరుసు కదలదు. చక్రము దానిపై తిరుగును. చక్రము జారిపోకుండ ఇరుసు కొనకు శీల దిగవేయుదురు. రెంటికిని నడుమ ఒరపిడి తగ్గుటకై కందెన పెట్టుదురు. కందెన ఎండిన బండి కిర్రుమనుచు ఊరినెల్ల లేపును. ఆ బండి గంటకు నాలుగైదు కిలోమీటర్లు నడచును గనుక కందెనతో పని గడచును. కారు సంగతి వేరు. చిన్న కారు చక్రము ఒకమారు తిరిగినచో బండి సుమారు 1.8 మీటర్లు ముందునకు సాగును. గంటకు 80 కిలోమీటర్ల వేగమున ఆ చక్రము క్షణమునకు పండ్రెండు మార్లు తిరుగును. ఆర్మూరు నుండి పాతిక కిలోమీటర్లు పోవులోపల దాదాపు 14,000 చుట్లు పూర్తియగును. వేయి కిలోల కారులో ఒక్కొక్క ముందుచక్రముపై సుమారు మూడువందల కిలోల బరువు పడును. ఇంత బరువుతో ఇంత వేగమున ఇనుము ఇనుముపై జారినచో, ఎంత కందెన పూసినను కాలిపోకుండ నిలువదు.

జారుటకంటె దొరలుట తేలిక. బేరింగులోని కీలకమంతయు ఇదియే. గట్టి ఉక్కుతో చేసిన రెండు కంకణముల నడుమ ఉక్కుగోళీలు గాని రోలర్లు గాని వరుసగా కూర్చబడి యుండును. ఒక కంకణము చక్రముతో పాటు తిరుగును. మరియొకటి కదలక నిలుచును. నడుమనున్న గోళీలు దొరలుచు బరువును మోయును. బండి ఇరుసునకు గోళీల బేరింగును అమర్చు ఉపాయమునకు 1794లో వేల్స్ దేశీయుడైన ఫిలిప్ వాన్ పేటెంటు పొందెను. గోళీలన్నియు ఒకే కొలతలో లేకున్న పెద్ద గోళీమీదనే బరువంతయు పడును. కావున ఉక్కుగోళీలను సరిసమానముగ నూరు యంత్రమును 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ పట్టణమున ఫ్రీడ్రిష్ ఫిషర్ నిర్మించుటతో ఈ విద్యకు నిజమైన ఊపు వచ్చెను. మలుపులలో బండి ప్రక్కకు త్రోయు బలమును గూడ తాళుటకై, ఒక కొన సన్నగ నుండు రోలర్లను 1898లో అమెరికావాడైన హెన్రీ టిమ్‌కెన్ కనిపెట్టెను. అతడు గుఱ్ఱపుబండ్లు చేయించు వ్యాపారి. బండ్లవాని కష్టము నుండి పుట్టిన ఆ సాధనమే తరువాత మోటారు కార్లకు ఆధారమైనది. మన దేశమున జయపురములో 1946లో వెలసిన కర్మాగారము 1950 నుండి బేరింగులు తయారుచేయ నారంభించెను.

ఇక మూలుగు ఎట్లు పుట్టునో గమనింపుడు. గోళీ కంకణమును తాకు తావు నువ్వుగింజ కంటె పెద్దది కాదు. అంత చిన్న తావుపై పడు బరువు గోళీ దాటిన ప్రతిమారు ఉక్కును నొక్కి విడుచును. కోట్లకొలది నొక్కుళ్ల పిమ్మట ఉక్కు అలసిపోవును. లోపల సన్నని బీట పుట్టి, పైపొర చిన్న పెచ్చుగ ఊడిపోవును. కందెన చెడినను, నీరు చొచ్చినను, గుంతలో చక్రము బలముగ మోదుకొనినను ఈ చేటు ముందుగనే వచ్చును. పొంగు వాగులో కారును దింపి దాటించినచో బేరింగు మూతకున్న రబ్బరు పట్టీని దాటి బురదనీరు లోపలికి పోవచ్చును. అప్పటికేమియు తెలియదు. తుప్పు తన పని తాను చేసికొనిపోవును. ఒక వరుసలో పండ్రెండు గోళీలున్న బేరింగులో బయటి కంకణమున గుంట పడినదనుకొనుడు. గోళీల వరుస చక్రముకంటె మెల్లగ నడచును గనుక, చక్రము ఒకమారు తిరుగునంతలో సుమారు ఐదు గోళీలు ఆ గుంటను దాటును. క్షణమునకు పండ్రెండు చుట్లనగా దాదాపు అరువది తాకుళ్లు. ఒక్కొక్కటియు టక్కుమను చిన్న దెబ్బయే. కాని అరువది దెబ్బలను చెవి వేరువేరుగ వినలేదు. అవి కలిసిపోయి మూలుగుగ వినబడును. వేగము పెరిగిన కొలది మూలుగు స్థాయి పెరుగుటకు కారణమిదియే.

మంచి మెకానిక్ పానా చేతబట్టుటకు ముందు బండిలో కూర్చుండి వినును. రొద ఇంజనుదా, చక్రముదా అనునది మొదటి ప్రశ్న. నిటారుగ, నిర్జనముగ ఉన్న బాటపై వేగమందుకొని, గేరును న్యూట్రలునకు తెచ్చి చూచును. ఇంజను చప్పుడు వెంటనే తగ్గిపోవును. మూలుగు మాత్రము బండి వేగముతో పాటు మెల్లమెల్లగ తగ్గినచో అది ఇంజనుది కాదని తేలినట్లే. రెండవ ప్రశ్న టైర్లను గూర్చినది. అరుగుదల సరిగా లేని టైరు అచ్చముగ చెడిన బేరింగు వలెనే మూలుగును. మోసపోవుటకు ఇంతకంటె మంచి తావు లేదు. కాని టైరు రొద బాటను బట్టి మారును. నున్నని తారుపై ఒక విధముగను, గరుకు సిమెంటుపై మరియొక విధముగను వినబడును. బేరింగు రొదకు బాటతో అంత నిమిత్తము లేదు. అనుమానము తీరకున్న ముందు చక్రములను వెనుకకు, వెనుకవానిని ముందునకు మార్చి చూచినచో రొద టైరుతో పాటు చోటు మారునో లేదో తెలియును. ఖర్చు లేని ఈ పరీక్షను చేయక కొత్త టైర్లు కొనుట ఏమి న్యాయము?

తరువాత ఎడమయా, కుడియా అను ప్రశ్న. చెవిని నమ్మరాదు. కారు ఒళ్లంతయు ఉక్కురేకు గనుక ఒక మూల పుట్టిన ధ్వని వేరొక మూల వినబడును. అందుచేత బరువును అటునిటు మార్చి చూడవలెను. స్టీరింగును ఎడమకు త్రిప్పినపుడు బండి బరువు కుడి చక్రములపైకి ఒరుగును. మూలుగు అపుడు హెచ్చినచో కుడి బేరింగును అనుమానింపవలెను. కుడికి త్రిప్పినపుడు హెచ్చినచో ఎడమదానిని. ఇది సాక్ష్యమే గాని తీర్పు కాదు. స్టీరింగును పూర్తిగా త్రిప్పి మెల్లగ పోవునపుడు టకటకమని వినబడినచో దోషము బేరింగుది కాక చక్రమునకు శక్తినిచ్చు షాఫ్టు కీలుది కావచ్చును. బ్రేకు నొక్కగానే మారు చప్పుడు బ్రేకులదగును.

తీర్పు జాకీపై జరుగును. వెనుక చక్రములకు రాళ్లు అడ్డము పెట్టి, ముందు చక్రమును లేపి, బరువును గట్టి స్టాండుపై నిలుపుదురు. ఒక్క జాకీని నమ్మి కారు క్రిందికి తల దూర్చుట ఎంత అనుభవజ్ఞునకైనను తగదు. లేపిన చక్రమును పైనను క్రిందను పట్టి ఊపినచో కొంచెమైన ఆట కనబడునేమో చూతురు. ఆట ఉన్నపుడు వేరొకరిచే బ్రేకు త్రొక్కించి మరల ఊపుదురు. ఆట మాయమైనచో బేరింగు వదులైనది. అట్లే నిలిచినచో లోపము క్రింది బాల్‌జాయింటు వంటి కీళ్లలో ఉన్నది. పిమ్మట ఒక చేయి కాయిలు స్ప్రింగుపై ఆనించి రెండవ చేత చక్రమును త్రిప్పుదురు. మంచి బేరింగు నిశ్శబ్దముగ తిరుగును. చెడినది తిరుగలిలో ఇసుక పోసినట్లు గరగరమనుట వ్రేళ్లకు తెలియును. ఆట ఏమియు లేకయే గరగర ఉండవచ్చును. కావున ఊపి చూచి ఊరకుండువాడు సగము పరీక్ష చేసినవాడు.

మార్చు విధము బండిని బట్టి యుండును. అంబాసిడర్ వంటి పాత కార్లలో ముందు హబ్బునకు రెండు బేరింగులుండును: లోపల పెద్దది, వెలుపల చిన్నది. దుమ్ముమూత తీసి, శీల లాగి, నట్టు విప్పినచో హబ్బు చేతికి వచ్చును. ఎడ్లబండి శీలయే ఇక్కడ చీలిక పిన్ను రూపమున మరల కనబడుట చూచితిరా! పాత కందెనను కిరసనాయిలుతో కడిగి చూచినచో రోగకారణము బయటపడును. గుంటలు పడినచో ఉక్కు అలసినది. నీలిరంగు తిరిగినచో వేడికి మాడినది. ఎఱ్ఱగ నున్నచో నీరు చేరినది. కొత్త రోలర్లను పాత కప్పులో వేయరాదు. రెండును జతగ మార్చవలెను. అరచేతిలో గ్రీజు పెట్టుకొని బేరింగును దానిలోనికి అదిమి, ప్రతి రోలరు సందునను అది నిండునట్లు చేయుదురు. ఆయిలుసీలు కొత్తది వేయుదురు. అసలు నేర్పు నట్టు బిగించుటలో నున్నది. చక్రమును త్రిప్పుచు బిగించి, తరువాత కొంత వదలించి, కంపెనీ చెప్పిన కొలతకు తెచ్చి శీల వేయవలెను. “ఇంకొంచెము బిగించిన మంచిదే గదా” యని ఎక్కువ బిగించినవాని బేరింగు కొలది దూరములోనే వేడెక్కి మాడును. వదలుగ విడిచినవాని చక్రము ఊగును.

ఇంజను బలము ముందుచక్రములకే అందు నేటి చిన్న కార్లలో ఇట్టి సర్దుబాటు లేదు. రెండు వరుసల గోళీలు గల మూసిన బేరింగు ఒకటే యుండును. దానిలో గ్రీజు ముందే నింపబడి యుండును. అది చెడినచో పూర్తిగా మార్చుటయే. కొన్ని బండ్లలో అది హబ్బుతో కలిసియే వచ్చి బోల్టులతో బిగియును. మరికొన్నింటిలో ఉక్కు గూటిలోనికి ప్రెస్సుతో నెట్టవలెను. గూటిలోనికి నెట్టునపుడు బయటి కంకణముపైననే బలము పెట్టవలెను. హబ్బును లోనికి నెట్టునపుడు లోపలి కంకణమునకు ఆధారమీయవలెను. లేనిచో ఆ బలము గోళీల గుండ పోయి కంకణముపై నొక్కులు పడును. సుత్తితో కొట్టి దిగగొట్టిన కొత్త బేరింగు మొదటి దినముననే మూలుగుటకు కారణమిదియే. అప్పుడు కొందరు బేరింగు కంపెనీని తిట్టుదురు! చక్రములు బిగుసుకుపోకుండ కాపాడు ఎ.బి.ఎస్. గల కార్లలో బేరింగునకు ఒక వైపున అయస్కాంతపు పట్టీ యుండవచ్చును. అది సెన్సరు వైపునకే తిరిగియుండవలెను. షాఫ్టు నట్టును టార్కు పానాతో చెప్పిన కొలతకు బిగించిన తరువాతనే చక్రముపై బండి బరువు మోపవలెను.

ఒక వైపు చెడినదని రెండవ వైపునది కూడ తప్పక మార్చవలెనను వాదము నాకు సమ్మతము కాదు. పరీక్షించి, గరగర లేకున్న విడుచుట మేలు. కాని మూలుగు వినుచు వాయిదా వేయుట వేరు విషయము. పెచ్చులూడిన ఉక్కుపొడి గ్రీజులో కలిసి మిగిలిన గోళీలను నూరును. ఆట పెరిగి బ్రేకు డిస్కు ఊగును. చివరకు బేరింగు బిగుసుకొనుటయో, చక్రము పట్టు తప్పుటయో జరుగవచ్చును. బరువైన లారీలు పరుగులిడు 44వ నంబరు బాటపై అది జరిగినచో ఆ కారులోని వారికే గాక వెనుక వచ్చువారికి గూడ ఆపద.

పని ముగిసిన పిమ్మట మెకానిక్ కారును పెర్కిట్ వైపు తీసికొనిపోయి, మొదట పరీక్షించిన వేగముననే మరల నడిపి వినును. టైర్ల సన్నని సవ్వడియు గాలియు తప్ప వేరేమియు వినబడకున్న తిరిగి వచ్చి హబ్బుల వేడిని సరిచూచును. రెండును ఒకే తీరున ఉండవలెను. తీసివేసిన బేరింగు షెడ్డు మూల పడియుండును. దానికి గిరాకి లేదనుకొనరాదు. సాయంకాలము బడి విడిచిన పిల్లలు వచ్చి అడిగి తీసికొనిపోదురు. చెక్కబండికి చక్రములుగ తగిలించి, సిమెంటు వీథిలో గరగరలాడించుచు లాగుదురు.