ఉక్కునగరం చరిత్ర: అవార్డు కాయితంలో లేని పేర్లు

విశాఖ ఉక్కు మీద వీడియో చేసుకు రమ్మంటే విద్యార్థులు ఏం తెస్తారు? 1966 అక్టోబరులో అమృతరావు దీక్ష, నవంబరు 1 కాల్పులు, 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన, 2021 ప్రైవేటీకరణ నిర్ణయం. వెనకాల ఒక పాట. అన్నీ నిజాలే, కాదనం. కాని పుస్తకంలో ఉన్నదే తెరకెక్కింది. నేర్చుకున్నది ఎడిటింగు, చరిత్ర కాదు.

'ఆంధ్రుల హక్కు' అన్నారు సరే, ఏ ఆంధ్రులు? ఫ్యాక్టరీకి పోయిన భూమి ఇరవై వేల ఎకరాల పైమాటే. సేకరణ 1894 చట్టం కింద జరిగింది. ఆ చట్టం లెక్కలో నష్టపోయినవాడంటే భూమిలో హక్కో వాటాయో ఉన్నవాడు. పరిహారం తేల్చే అవార్డులో పేరెక్కేది వాడిదే. అదే పొలంలో కంబారితనం చేసిన దళితులు, ఊడ్పులకీ కోతలకీ పోయిన ఆడవాళ్లు? పొలంతోపాటు వాళ్ల పనీ పోయింది. కాయితం ప్రకారం మాత్రం వాళ్లకేం పోలేదు! వ్యవసాయ కూలీల్ని కూడా బాధిత కుటుంబాలుగా చట్టం గుర్తించడానికి 2013 దాకా పట్టింది.

సెల్‌ఫోను అక్కరకొచ్చేది ఇక్కడే. కాయితం లేనిచోట మాటే ఆధారం. 2010 దశకం మొదట్లో హైదరాబాదులో రవిచంద్రన్ అనే పరిశోధక విద్యార్థి మొదలుపెట్టిన 'దళిత్ కెమెరా' ఈ పనే చేసింది. మన మాటని మనమే రికార్డు చేసుకున్నాం. దాన్ని చరిత్ర క్లాసులోకి తేవాలి.

ఎలా? నిర్వాసితుల కాలనీకి పోయి 'మీకేమనిపించింది' అనడిగితే కన్నీళ్లొస్తాయి, చరిత్ర రాదు. ఎవరి పొలంలో చేశారు, కూలి గింజలా డబ్బులా, గుడిసె ఎవరి జాగాలో ఉండేది, ఆర్ కార్డు ఎవరి పేర వచ్చింది, కాలనీలో కూడా మన పేట విడిగానే పడిందా అనడగాలి. క్లాసులో కులం ఎత్తొద్దనే మాస్టార్లకి ఈ చివరి ప్రశ్న నచ్చదు. అయినా అడగాలి. భూసేకరణనాటికి ఇరవై ఏళ్లున్న కూలీకి ఇప్పుడు డెబ్బై దాటింది.

విన్నదంతా విద్యార్థి చేత్తో రాయాలి. రాస్తుంటేనే తనకి అర్థం కానిదేదో బయటపడుద్ది. 1971 జనగణన జిల్లా పుస్తకంలో ఆ ఊరి ఎస్సీలెందరో, వ్యవసాయ కూలీలెందరో ఉంటుంది. దాన్నీ అవార్డునీ ఈ మాట పక్కన పెట్టాలి. మూడూ పొసగనిచోట క్లాసులో తగువు లేస్తుంది. లేవనివ్వాలి, ఏ ఆధారాన్ని ఎంతవరకు నమ్మాలో పిల్లలు తేల్చుకునేది అందులోనే. మార్కులు ఆ తగువుకి వెయ్యాలి. బొమ్మ నునుపుకి వేస్తే ఖరీదైన ఫోనున్నవాడే మళ్లీ ఫస్టు.

వీడియో ముందు చెప్పినామెకి చూపించాలి. వద్దన్న ముక్క తీసెయ్యాలి. ఆమె కొడుకు కాంట్రాక్టు కూలీగా ఇంకా ఆ గేటులోకే పోతుండొచ్చు.