సాత్త్వికభావములును స్వేదమాపకయంత్రములును

భరతుఁడు నాట్యశాస్త్రమునందు సాత్త్వికభావములను స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రళయము అని యెనిమిదిగా లెక్కించెను. వీనిలో స్వేదమును విద్యుత్తుచేఁ గొలుచుట, స్వరభేదమును శబ్దతరంగములందు వెదకుట, ముఖవికారములను ఛాయాగ్రాహకయంత్రముచేఁ బరికించుట నేఁడు ప్రత్యేకశాస్త్రమై వెలసినవి. ఆ శాస్త్రమునకుఁ బేరుపెట్టినది అమెరికాదేశపు విదుషి రోజలిండ్ పికార్డు. ఆ పేరును ‘భావగణనము’ అని తెనిఁగింపవచ్చును. ‘ఆవేశగణనము’ అనుట పొసఁగదు. ఆవేశశబ్దము తీవ్రవికారమునకే చెల్లును గాని నిర్వేదాదులు దానిలో నిముడవు. భావశబ్దము భూధాతువు ప్రేరణార్థకమునుండి పుట్టి, వ్యాపింపఁజేయునది యను నర్థమునుగూడ నిచ్చుచున్నందున నిచట మిక్కిలి తగియున్నది.

మనస్సు చలించినపుడు అఱచేతులయందలి స్వేదగ్రంథులు నాడీప్రేరణచే నిండును. ఉప్పునీరు విద్యుద్వాహకము. కావున చర్మముపై నానించిన రెండు లోహపుబిళ్లలనడుమ నత్యల్పవిద్యుత్తును బోనిచ్చినచో, చెమట కంటికిఁ గానరాక మునుపే ప్రవాహము హెచ్చుట తెలియును. దీనిని 1888లో ఫ్రాన్సునందు ఫేరే యను వైద్యుఁడు గుర్తించెను. 1890లో రష్యాదేశీయుఁడగు తార్ఖనోవు బయటి విద్యుత్తు లేకయే చర్మమందలి విద్యుద్భేదమును గనిపెట్టెను. బుద్ధివ్యాపారమునకును ఇట్టి గుఱుతులు గలవు. మనుష్యుఁడు అంకెలను వరుసగా జ్ఞాపకమందుంచుకొనుకొలఁది కనుపాప పెద్దదగుననియు, వాని నొప్పగించుకొలఁది మరల చిన్నదగుననియు 1966లో కానెమన్, బీటీ యను నిరువురు చూపిరి.

పికార్డు 1962లో జన్మించెను. జార్జియా సాంకేతికవిద్యాలయమున విద్యుచ్ఛాస్త్రము నభ్యసించి, 1991లో మసాచుసెట్సు సాంకేతికవిద్యాసంస్థయందుఁ బరిశోధనపట్టమును బడసి, అచ్చటి మీడియా ల్యాబునందే యాచార్యపదవిఁ జేరెను. ఆమె తొలిపరిశ్రమ చిత్రములను గణకయంత్రములు గుర్తించు విధానమును గూర్చినది. స్మరణమునందును నిశ్చయమునందును మనోభావములకుఁ బాలు గలదని మస్తిష్కశాస్త్రజ్ఞులు వ్రాసినది చదివి, భావమెఱుఁగని యంత్రము బుద్ధిగలది యెట్లగునని యామె శంకించెను. స్త్రీయై మనోభావములనుగూర్చి వ్రాసినచోఁ దోడివిద్వాంసులు చులకన సేయుదురేమో యని తొలుత జంకినట్లు తరువాత నామెయే చెప్పెను. అయినను 1995లో నివేదికను, 1997లో గ్రంథమును బ్రకటించెను. 2010 మొదలుకొని యీ శాస్త్రమునకుఁ బ్రత్యేకపత్రికయే వెలువడుచున్నది.

ఆమెయు, వైజాసు, హీలీ యను సహపరిశోధకులును 2001లోఁ బ్రకటించిన వ్యాసము శ్రద్ధతోఁ జదువఁదగినది. నటనాభ్యాసముగల యొకే వ్యక్తి పెక్కువారములు ప్రతిదినమును నిర్వికారము, క్రోధము, ద్వేషము, శోకము, స్నేహము, శృంగారము, హర్షము, భక్తి యను నెనిమిది స్థితులను దనయందుఁ గల్పించుకొనఁగా, దవడకండరము, నాడి, చర్మము, శ్వాసము అను నాలుగింటిని యంత్రములు కొలిచెను. (భరతుని రసములును ఎనిమిదియే, ఇది కాకతాళీయము.) నూటికి 81 పాళ్లు యంత్రము సరిగాఁ జెప్పెను. కాని యా వ్యాసమందే వేఱొక సంగతి గలదు. ఒకనాఁటి వేర్వేఱు భావముల గుఱుతులు, వేర్వేఱు దినములందలి యేకభావపు గుఱుతులకంటె నొండొంటికి సన్నిహితములై యుండెను. అనఁగా నిన్నటి క్రోధముకంటె నేఁటి హర్షమే నేఁటి క్రోధమును బోలియుండెను! నూటికి 81 అను సంఖ్యను బలువురు చాటిరి, దీనిని దలఁచినవారరుదు.

సాత్త్వికభావములు సమాహితమనస్సునుండి పుట్టునని భరతుని మతము. అతఁడే స్వేదమునకుఁ గారణములు చెప్పుచు క్రోధము, భయము, హర్షము, లజ్జ, దుఃఖము, శ్రమము, రోగము, తాపము మొదలగువానినన్నిఁటిని నేకరువు పెట్టెను. కావున స్వేదమునుబట్టి భయము నూహించుట, నిప్పునుబట్టి పొగ నూహించుటవంటిది. పొగయున్నచోట నిప్పుండును గాని, నిప్పున్నచోటనెల్లఁ బొగ యుండదు. కాలిన యినుపగుండునందు నిప్పే గాని పొగ లేదు. తార్కికులు దీనిని సవ్యభిచారహేతువందురు. స్వేదముచే మనస్సు చలించినదని యెన్నవచ్చును, అదియు ఎండయు వ్యాయామమును లేనపుడు. ఏ భావముచేఁ జలించినదని యెన్నుట కది చాలదు. నటుని స్వేదమునుజూచి సామాజికుఁడు భయమని గ్రహించుట విభావము తన కన్నులయెదుటనే యున్నందున. యంత్రమునకు విభావము కానరాదు.

ముఖముమాట యింతకంటె మేలుగాదు. 2009లోఁ బికార్డును ఈజిప్టుదేశీయ యగు రానా ఎల్ కలియూబియుఁ గలసి, ప్రకటనలను జూచువారి ముఖవికారములను బరికించు వ్యాపారసంస్థను స్థాపించిరి. 2019లో బారెట్టు మొదలగు నైదుగురు పండితులు పూర్వపరిశోధనల నన్నిఁటిని శోధించి, కోపించినవారు బొమముడి వైచుట సగటున నూటికి సుమారు 30 పర్యాయములే యనియు, కోపములేనివారును బొమముడి వైతురనియుఁ దేల్చిరి. బొమముడి క్రోధమునకు నియతలింగము గాదన్నమాట.

ఒక యుదంతము పికార్డు పరిశ్రమను వేఱుదారిఁ ద్రిప్పినది. మాటలాడలేని తన తమ్మునికొఱకు ఆమె పరిశోధనశాలయందలి విద్యార్థి యొకఁడు రెండు మణికట్టుపట్టీలను దీసికొనిపోయెను. తరువాత వాని లేఖలను జూడఁగా, ఒకచేతి పట్టీయందు స్వేదరేఖ మున్నెన్నఁడును లేనంత పైకెగసియుండెను, రెండవదానియందేమియు లేదు. యంత్రము చెడినదని యామె తలంచి విచారింపఁగా, ఆ బాలునికి మూర్ఛ వచ్చినదని తెలిసెను. పిదప వైద్యులతోఁ గూడి, తీవ్రమగు మూర్ఛలయందు స్వేదము పెల్లుబుకునని యామె బృందము నిరూపించెను. అట్టి మూర్ఛను గుర్తించి దగ్గఱివారిని హెచ్చరించు పట్టీకి అమెరికా ఔషధాధికారులు 2018లో ననుమతి నొసఁగిరి. ఇచట సాధ్యము మనోభావము గాదు, శరీరవ్యాపారము; హేతువును స్వేదమొక్కటే గాక చేతి కుదుపుతోఁ గూడినది. వ్యాప్తి కుదిరినది గనుకనే ప్రాణరక్షణమునకుఁ బనికివచ్చుచున్నది.

పనివాని ముఖమునుబట్టి శ్రద్ధలేదనియు, విద్యార్థి కనుపాపనుబట్టి పాఠము వినుటలేదనియుఁ దీర్పు చెప్పుటయందు ఇట్టి వ్యాప్తి లేదు. తప్పు తీర్పుచే నష్టపడువాఁడు బలహీనుఁడు. ఐరోపాసమాఖ్య 2024లోఁ జేసిన శాసనము, పనిచేయుచోటులందును విద్యాశాలలందును మనోభావములను యంత్రములచే నూహించుటను నిషేధించినది. ఆ నిషేధము 2025 ఫిబ్రవరి 2వ తేదినుండి యమలులోనికి వచ్చినది. చికిత్సకును భద్రతకును మినహాయింపు గలదు. అంగడులందును ప్రకటనలయందును ఇది వర్తింపదు. అచ్చట నట్టి యంత్రము తనను బరికించుచున్నదని మనుష్యునకుఁ దెలుపవలెనని మాత్రము ఆ శాసనము విధించుచున్నది.